ఏడు కూరగాయల కౌస్‌కౌస్: రవ్వకి మూడు ఆవిర్లు, కింద మటన్ పులుసు

కౌస్‌కౌస్ రవ్వ డబ్బా మీద ఏం రాసి ఉంటుందంటే, గిన్నెలో రవ్వ పోసి, అంతే కొలత మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి 5 నిమిషాలు ఆగితే కౌస్‌కౌస్ రెడీ అని. నేనూ అదే నమ్మాను. ఉద్యోగం మీద మొరాకోలోని కాసాబ్లాంకా వెళ్లిన కొత్తలో ఒక శుక్రవారం అలాగే చేసి, పై అంతస్తులో ఉండే పెద్దావిడకి ఒక గిన్నెలో పెట్టి పంపాం. సాయంత్రం గిన్నె తిరిగివ్వడానికి ఆవిడే కిందికి వచ్చి, మా ఆవిడతో కూర్చుని టీ తాగి, లేవబోతూ మెల్లిగా అంది: "బాగుంది వల్దీ, కానీ ఇది ఉడకలేదు, నానిందంతే." వల్దీ అంటే అక్కడ 'నా కొడుకా' అని. మేము ఆవిడని ఖాల్తీ అని పిలిచేవాళ్లం, అంటే పిన్ని. ఆ తర్వాత నాలుగైదు శుక్రవారాలు వరసగా ఖాల్తీ వంటింట్లో నిలబడి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, ఇది ఆఫీసు నుంచి వచ్చి చేసుకునే వంట కాదు. మాంసం పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచి పళ్లెం మధ్యకి వచ్చేదాకా హీనపక్షం రెండున్నర గంటలు పడుతుంది. కానీ అందులో మాంసానికి, కూరగాయలకి మనం చేసేది చాలా తక్కువ, అవి వాటి మానాన అవి ఉడుకుతుంటాయి. పనంతా రవ్వ దగ్గరే. మనకి కూర ఎలా కుదిరిందన్న దాని మీదే ధ్యాస, అన్నం ఎలాగూ కుక్కర్‌లో అయిపోతుంది. కౌస్‌కౌస్‌లో ఇది తిరగబడుతుంది. పులుసు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతారు, రవ్వ ఉండ కట్టిందంటే మాత్రం ఆ ఇంటి పెద్దవాళ్ల మొహాలు చూడలేం.

ఇంతకీ ఈ రవ్వ ఏమిటి

చాలామంది దీన్ని గోధుమ రవ్వకి చుట్టం అనుకుంటారు. గోధుమ రవ్వ అంటే విరగ్గొట్టిన గింజ. కౌస్‌కౌస్ అలా కాదు, చేత్తో చుట్టినది. డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వని వెడల్పాటి పళ్లెంలో పోసి, ఉప్పునీళ్లు చిలకరిస్తూ, మధ్యమధ్యలో సన్నటి పిండి చల్లుతూ, అరచేత్తో గుండ్రంగా తిప్పుతూ పోతే ఒక్కో రవ్వ పలుకు చుట్టూ పిండి పట్టి ఆవగింజలంత చిన్న చిన్న పూసలవుతాయి. వాటిని రకరకాల కన్నాలున్న జల్లెడల్లో జల్లించి సైజులు వేరుచేసి, ఆవిరి పట్టి, వడియాల్లాగా ఎండబెట్టి దాచుకుంటారు. ఇప్పుడు పట్నాల్లో చేత్తో చుట్టేవాళ్లు తక్కువ, ఫ్యాక్టరీ రవ్వే ఎక్కువ, అయినా ఆకారం అదే.

అందుకే బొంబాయి రవ్వతో ప్రయోగాలు పెట్టుకోకండి, చివరికి ఉప్మాయే తింటారు. 'పెర్ల్ కౌస్‌కౌస్' అని సగ్గుబియ్యం సైజులో ఒకటి అమ్ముతారు, అది పాస్తా జాతి, దీనికి పనికిరాదు. మన సూపర్‌మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో దొరికే మామూలు కౌస్‌కౌస్ డబ్బా తెచ్చుకోండి. అది ఫ్యాక్టరీలో ఒకసారి ఆవిరి పట్టి ఆరబెట్టినదే, అందుకే 5 నిమిషాల్లో నానుతుంది, కానీ దాన్నీ మళ్లీ ఆవిరి పడితే తేడా నాలుక్కి తెలుస్తుంది. సన్నం, మధ్యరకం, లావు ఉంటే మధ్యరకం తీసుకోండి.

ఇది ఉత్తర ఆఫ్రికా వంట. 2020లో అల్జీరియా, మారిటానియా, మొరాకో, ట్యునీషియా నాలుగు దేశాలూ కలిసి అడిగితే యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో దీన్ని చేర్చింది. కౌస్‌కౌస్ ఎవరిదంటే మాదంటే మాదని వాదించుకునే దేశాలు ఒకే కాగితం మీద సంతకం పెట్టడమే పెద్ద విశేషం. ట్యునీషియాలో టమాటా పేస్టు, హరీసా అనే మిరప ముద్ద వేసి ఎర్రగా చేస్తారు, చేపలతోనూ చేస్తారు. సముద్రం అవతల సిసిలీలో ట్రాపానీ వాళ్లదీ చేపల కౌస్‌కౌసే. నేను చెప్పేది కాసాబ్లాంకా పద్ధతి, బీదావీ అంటారు, ఏడు కూరగాయలతో. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినేది ఇదే. ఆ రోజు తప్ప మిగతా రోజుల్లో కౌస్‌కౌస్ వండని హోటళ్లు అక్కడ బోలెడు.

గిన్నెల సంగతి

అక్కడ దీనికి ప్రత్యేకంగా రెండంతస్తుల పాత్ర ఉంటుంది. కింది లోతైన కుండ బర్మా, అందులో మాంసం, కూరగాయలు. దాని మీద అడుగంతా చిల్లులున్న గిన్నె కస్కాస్, అందులో రవ్వ. కింద మరిగే పులుసు ఆవిరే పైన రవ్వని ఉడికిస్తుంది, వాసన కూడా అదే ఎక్కిస్తుంది. ఇంకొకటి గస్‌ఆ, రవ్వని కలపడానికీ వడ్డించడానికీ వాడే వెడల్పాటి పళ్లెం.

ఇవేవీ కొనక్కర్లేదు. 7, 8 లీటర్లు పట్టే గిన్నె ఒకటి, దాని మూతి మీద సరిగ్గా కూర్చునే చిల్లుల గిన్నె ఒకటి చాలు. చిల్లులు మరీ పెద్దవైతే అడుగున పల్చటి తడి గుడ్డ వేయండి. మన అమ్మమ్మల కాలంలో కుండ మూతికి గుడ్డ బిగించి, వాసెన కట్టి కుడుములు ఉడికించేవాళ్లు కదా, కిటుకు అదే. ఇడ్లీ పాత్రలో రేకులు తీసేసి చిల్లుల గిన్నె పెట్టినా నడుస్తుంది, కానీ కింద పులుసుకి చోటు సరిపోదు, కొంచెం కొంచెంగా చేసుకోవాలి. పళ్లెం బదులు పిండి కలిపే పెద్ద బేసిన్.

రెండు గిన్నెలూ కలిసే చోట ఆవిరి పక్కలకి పోకూడదు. దమ్ బిర్యానీకి అంచు చుట్టూ పిండి అతికిస్తాం చూడండి, అచ్చం అలాగే. ఖాల్తీ అయితే పాత గుడ్డ పీలికని పిండి కలిపిన నీళ్లలో ముంచి అంచు చుట్టూ చుట్టేది. నేను మొదటిసారి ఇది అక్కర్లేదులే అని వదిలేశాను, అరగంటైనా రవ్వ మీద ఆవిరి జాడే లేదు, అంతా పక్కలనుంచి పోయి కిటికీ అద్దాలకి పట్టింది.

ఆరుగురికి కావలసినవి

మాంసం ఎముకతో కిలో. అక్కడ గొర్రెపిల్ల మాంసం వాడతారు, మనకి పొట్టేలు మాంసం దొరికితే హాయి, తెలంగాణలో దానికి కొదవలేదు. ముందు కాలు ముక్కలు, నల్లి ఎముకలు రెండు మూడు ఉండేలా కొట్టించండి, ముక్కలు పెద్దవిగా ఉండాలి, మన కూర ముక్కల్లా కొట్టిస్తే గంటన్నర మరుగులో విడిపోతాయి. మేకమాంసమైతే ఇంకో 20, 30 నిమిషాలు ఎక్కువ ఉడకాలి. టైమ్ లేకపోతే కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్ రానిచ్చి, ఆ నీళ్లతో సహా పెద్ద గిన్నెలోకి మార్చుకోండి.

రవ్వ 750 గ్రాములు. కాబూలీ శనగలు 150 గ్రాములు, ముందు రాత్రి నానబెట్టాలి. పెద్ద ఉల్లిపాయలు 2, పండు టమాటాలు 4. క్యాబేజీ చిన్నది ఒకటి, నాలుగు చెక్కలుగా. క్యారెట్లు 6, శల్గం అనే టర్నిప్ 4, గుమ్మడికాయ అరకిలో, లేత వంకాయలు 3, జుకినీ 3. ఒక పచ్చిమిరపకాయ, చీల్చకుండా. కొత్తిమీర, పార్స్లీ చెరో కట్ట, దారంతో కట్టాలి. పార్స్లీ లేకపోతే కొత్తిమీరే రెండు కట్టలు.

జుకినీ దొరకకపోతే దిగులేం లేదు, సొరకాయ వేయండి. ఇది నేను కల్పించింది కాదు, మొరాకోలో స్లావీ అని పొడవాటి సొరకాయ జాతి కాయనే కౌస్‌కౌస్‌లో వేస్తారు, పేరు సలే అనే ఊరి మీదుగా వచ్చింది. మార్కెట్లో మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ "అదిగో మన ఆనపకాయ" అని అరిచినంత పనిచేసింది. ఏడు అన్నది శుభసంఖ్య, ఏయే ఏడు అని రూలేం లేదు. సీజన్‌లో ఉన్నవే వేస్తారు, చిలగడదుంప కూడా వేయొచ్చు. బెండకాయ, బీట్‌రూట్ మాత్రం నేనైతే వేయను, ఒకటి జిగురు, ఇంకొకటి పులుసంతా రంగు.

మసాలా అంటారా, వింటే ఆశ్చర్యపోతారు: శొంఠి పొడి 2 టీస్పూన్లు, మిరియాల పొడి టీస్పూనున్నర, పసుపు ఒక టీస్పూను, చిటికెడు కుంకుమపువ్వు, ఉప్పు ఒక టేబుల్ స్పూనుతో మొదలుపెట్టి తర్వాత సరిచూసుకోవడం. అంతే. జీలకర్ర లేదు, వెల్లుల్లి లేదు, లవంగం, చెక్క లేవు. కొన్ని ఇళ్లలో రాస్ ఎల్ హనూత్ అనే మసాలా మిశ్రమం కొంచెం వేస్తారు, ఖాల్తీ వేసేది కాదు. గరం మసాలా డబ్బా వైపు చెయ్యి పోతుంటే వెనక్కి లాక్కోండి, వేస్తే అది వేరే వంటవుతుంది, బాగానే ఉండొచ్చు గానీ ఇది కాదు.

నూనె 7 టేబుల్ స్పూన్లు, సగం కంటే కొంచెం ఎక్కువ పులుసుకి, మిగతాది రవ్వకి. ఆలివ్ నూనె ఉంటే మంచిది, లేకపోతే పొద్దుతిరుగుడు నూనె. చివర్లో రవ్వకి రెండు టేబుల్ స్పూన్ల వెన్న. అక్కడ దీనికి స్మెన్ వాడతారు, ఉప్పు వేసి నెలల తరబడి మాగబెట్టిన వెన్న, ఘాటైన చీజ్ వాసన. దానికి సాటి మన దగ్గర లేదు. కాస్త దగ్గరగా రావాలంటే బాగా పులిసిన మీగడ నుంచి తీసిన ఇంటి వెన్న. అదీ లేకపోతే నెయ్యి.

పొయ్యి వెలిగించాక

శనగల్ని పొద్దున్నే రెండు చేతుల మధ్య రుద్దితే పొట్టు ఊడొస్తుంది, తీసేయండి. ఓపిక లేకపోతే వదిలేయండి, ప్రాణం మీదికేం రాదు.

పెద్ద గిన్నెలో 4 టేబుల్ స్పూన్ల నూనె, మాంసం, నిలువుగా కోసిన ఉల్లిపాయలు, మసాలాలు, ఉప్పు అన్నీ ఒకేసారి వేసేయండి. ముందు ఉల్లిపాయలు ఎర్రగా వేయించడం, తర్వాత ముక్కలు వేసి వేపుడు చేయడం, ఇవేం లేవిక్కడ. టమాటాని అడ్డంగా రెండు చెక్కలు కోసి, కోసిన వైపు తురుముపీటకి ఆనించి రుద్దితే గుజ్జంతా కిందికి దిగి తొక్క చేతిలో మిగులుతుంది. అలా రెండు టమాటాల గుజ్జు ఇప్పుడు వేసి, మిగతా రెండు చెక్కలుగా తర్వాతకి ఉంచండి. మధ్యస్థం మంట మీద మూతపెట్టి 15 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపాలి. మాంసం నీళ్లూరి, పసుపు నూనె తేలి, శొంఠి వాసన వంటిల్లు దాటి బయటికి వస్తుంది.

ఇప్పుడు రెండున్నర లీటర్ల నీళ్లు, శనగలు, కొత్తిమీర కట్ట. గిన్నె సగం కంటే కొంచెం పైదాకా నిండాలి, అంతకు మించితే పొంగి పైన రవ్వ అడుగుకి తగులుతుంది, తగిలిందంటే ఆ అడుగు రవ్వ జావ. మూతపెట్టి 40 నిమిషాలు మరగనివ్వండి. ఈలోగా రవ్వ పని.

మొదటి ఆవిరి

బేసిన్‌లో రవ్వ పోసి 3 టేబుల్ స్పూన్ల నూనె వేసి రెండు అరచేతుల మధ్యకి తీసుకుంటూ రుద్దుతూ కిందికి వదలండి. ప్రతి పలుక్కీ నూనె పట్టాలి, ఉండ కట్టకుండా కాపాడేది ఇదే. తర్వాత 200 మి.లీ. మామూలు నీళ్లు, ఒక్కసారి గుమ్మరించకూడదు, ముగ్గు మీద నీళ్లు చల్లినట్టు చేత్తో చిలకరిస్తూ, ఇంకో చెయ్యి వేళ్లు విడదీసి దువ్వెనలా రవ్వలో ఆడిస్తూ ఉండాలి. నీళ్ల చెంబు కొంచెం వంచినప్పుడల్లా ఖాల్తీ "శ్వియ్యా శ్వియ్యా" అనేది, కొంచెం కొంచెంగా అని. ఆవిడ చేతి వేళ్లు రవ్వ మీద పాకినట్టుండేవి, ఎక్కడా నొక్కేది కాదు. నా చెయ్యేమో చపాతీ పిండికి అలవాటు పడింది, తెలియకుండానే పిసుకుతుంది. పిసక్కండి. తడి పలుకులు విడివిడిగా జారుతుంటే సరిగ్గా ఉన్నట్టు. 10 నిమిషాలు వదిలేయండి.

కింద పులుసు గట్టిగా తెర్లుతున్నప్పుడు చిల్లుల గిన్నె పైన పెట్టి, అంచు చుట్టూ పీలిక కట్టి, రవ్వని గుప్పెడు గుప్పెడు తీసి వదులుగా జల్లండి. అదమొద్దు, చదును చెయ్యొద్దు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, మూత పెట్టొద్దు. ఇడ్లీకి మూతపెట్టే అలవాటు మనది, ఇక్కడ మూతపెడితే ఆవిరి నీళ్లై రవ్వ మీద చుక్కలుగా పడి, పడిన చోటల్లా ఉండ కడుతుంది. ఆవిరి పైకి దారి చేసుకుని రవ్వ ఉపరితలం అంతటా లేవడం కనిపించిన క్షణం నుంచి 15 నిమిషాలు లెక్కపెట్టండి. పొయ్యి మీద పెట్టిన టైమ్ నుంచి కాదు.

తర్వాత చిల్లుల గిన్నెని గుడ్డతో పట్టుకుని బేసిన్‌లోకి బోర్లించండి. కేకులా ఒకే ముద్దగా పడుతుంది, భయపడకండి, మొదటి ఆవిరికి అలాగే ఉంటుంది. చెక్క గరిటె వెనక భాగంతో మెల్లిగా విడగొట్టండి. పొగలు కక్కుతుంటుంది కాబట్టి వెంటనే చెయ్యి పెట్టొద్దు, కాస్త ఆగాక వేళ్లు చన్నీళ్లలో ముంచుకుంటూ పని చేయండి.

350 మి.లీ. నీళ్లలో టీస్పూనున్నర ఉప్పు కరిగించి, మూడు నాలుగు విడతలుగా చిలకరిస్తూ, ప్రతి విడతకీ అడుగునుంచి పైకి తిరగేస్తూ విడదీయండి. నీళ్లు పీల్చుకోవడం కళ్లముందే కనిపిస్తుంది, పలుకులు ఉబ్బుతాయి. మొండి ఉండలు కొన్ని మిగులుతాయి, వాటిని అరచేతుల మధ్య రుద్దితే పోతాయి. జల్లెడలో వేసి ఆడించినా సరే. 10 నిమిషాలు ఆగండి.

ఈ 10 నిమిషాల్లో కింద గిన్నె సంగతి చూడాలి. కొత్తిమీర కట్ట తీసేయండి, దాని పని అయిపోయింది. క్యాబేజీ చెక్కలు, నిలువుగా చీల్చిన క్యారెట్లు, టర్నిప్ వేయండి. కూరగాయలన్నీ పెద్ద పెద్ద ముక్కలే, క్యారెట్ అయితే వేలంత పొడవు. పులుసు తగ్గితే వేడినీళ్లు కలపండి.

రెండో ఆవిరి, మూడో ఆవిరి

మళ్లీ రవ్వ పైకి, మళ్లీ పీలిక. ఆవిరి పైకి లేచిన దగ్గర్నుంచి ఈసారి 15 నుంచి 20 నిమిషాలు. దించి బోర్లిస్తే ఈసారి ముద్ద తక్కువ కడుతుంది, సులువుగా విడిపోతుంది. ఇప్పుడు 450 మి.లీ. నీళ్లు. అందులో ఒక కప్పు బదులు పాలు పోసుకునేవాళ్లూ ఉన్నారు, రవ్వ మెత్తగా తెల్లగా వస్తుంది. ఇవి మొత్తం పట్టేయాలని లేదు. సగం పోశాక నాలుగు పలుకులు నోట్లో వేసుకోండి. పంటికి మధ్యలో పిండి పిండిగా తగిలితే ఇంకా కావాలి. రెండు వేళ్ల మధ్య నలిపితే మెత్తగా నలిగి, చేతికి అంటుకోకుండా ఉంటే ఇక ఆపేయండి. డబ్బా రవ్వకి మామూలుగా కొంచెం తక్కువే సరిపోతుంది.

చుట్టాలు ఆలస్యం చేస్తున్నారనుకోండి, ఇక్కడ ఆగొచ్చు. తడి గుడ్డ కప్పి గంటైనా ఉంచండి, వాళ్లు గుమ్మంలోకి వచ్చాక మూడో ఆవిరి మొదలుపెట్టొచ్చు. బిర్యానీకి లేని వెసులుబాటు ఇది.

మూడో ఆవిరికి ముందు మెత్తటి కూరగాయలు వేయాలి: వంకాయలు గాట్లు పెట్టి కాడతో, జుకినీ లేదా సొరకాయ, చెక్కలుగా ఉంచిన టమాటా, పచ్చిమిర్చి. గుమ్మడికాయ చెప్పినమాట వినదు, ఒక్క నిమిషం ఎక్కువైతే పులుసులో కలిసిపోతుంది. అందుకే తొక్కతోనే పెద్ద ముక్కలు కోసి, నాలుగైదు గరిటెల పులుసు వేరే గిన్నెలోకి తీసి అందులో విడిగా ఉడికించండి. మాంసం ముందే మెత్తబడిపోయి ఉంటే ముక్కలు తీసి పక్కన పెట్టేసుకోండి, చివర్లో పులుసులో ఒక్కసారి వెచ్చబెడితే చాలు. పులుసు రుచి చూస్తే మీకు కొంచెం ఉప్పెక్కువ అనిపించాలి, అప్పుడే రవ్వ మీద పడ్డాక సరిపోతుంది.

మూడో ఆవిరి 15 నిమిషాలు. ఈసారి రవ్వ ముత్యాల్లా జారుతూ దిగుతుంది. వేడి మీదే వెన్న వేసి చేత్తో కలిపేయండి. 750 గ్రాములు వేసిన రవ్వ ఇప్పుడు బేసిన్ నిండా ఉంటుంది.

వడ్డన

అందరికీ ఒకే పెద్ద పళ్లెం. రవ్వని గుట్టగా పోసి, నడిమిని గరిటెతో గుంట చేసి, మాంసం ముక్కలు ఆ గుంటలో పెట్టండి. చుట్టూ కూరగాయల్ని గుట్టకి ఆనించి నిలువుగా నిలబెట్టాలి, క్యారెట్, గుమ్మడి, టర్నిప్ రంగులు మార్చి మార్చి. శిఖరాన క్యాబేజీ, దాని మీద ఆ ఉడికిన పచ్చిమిర్చి. శనగలు పైనుంచి జల్లి, మూడు నాలుగు గరిటెల పులుసు అంతటా పోసి, 5 నిమిషాలు పీల్చుకోనివ్వండి. మిగతా పులుసు గిన్నెలో పక్కన పెట్టండి, ఎవరికి కావలసినంత వాళ్లు తమ వైపు రవ్వ మీద పోసుకుంటారు. ముందే అంతా పోసేస్తే పది నిమిషాల్లో పళ్లెం అడుగు జావైపోతుంది.

ఎవరి ముందున్న భాగం వాళ్లు తినాలి, పక్కవాళ్ల వైపు చెయ్యి చాపకూడదు. మాంసం మధ్యలోనే ఉంటుంది, అది చివర్లో ఇంటి పెద్దావిడ విరిచి అందరి ముందూ పెడుతుంది. ఇప్పుడు చాలామంది చెంచాలే వాడతారు గానీ ఖాల్తీ మాత్రం కుడిచేత్తో తినేది. మనలా వేళ్లతో ముద్ద చేసుకోవడం కాదు, కొంచెం రవ్వ, చిన్న గుమ్మడి ముక్క అరచేతిలోకి తీసుకుని, చెయ్యి మూయకుండా రెండు మూడుసార్లు ఎగరేసినట్టు కుదిపితే అది దానంతటదే నిమ్మకాయంత ఉండ అయ్యేది, బొటనవేలితో నోట్లోకి తోసేది. నేను ప్రయత్నిస్తే సగం చొక్కా మీద.

పక్కన తాగడానికి ల్బెన్, అంటే మజ్జిగే. మన మజ్జిగ కంటే కాస్త చిక్కగా ఉంటుంది, ఉప్పు వేయరు. కారం లేదేంటని మీ ఇంట్లో గొడవ తప్పదు, మా బావమరిది వచ్చినప్పుడు ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ పళ్లెం అంచున పెట్టుకున్నాడు. ఖాల్తీ కూడా వేలితో తీసి నాకింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకోసారి నాకింది.

తీపి ఇష్టమైతే తఫాయా చేసి గుట్ట మీద వేసుకోవచ్చు: నాలుగు ఉల్లిపాయలు సన్నగా చీల్చి, గుప్పెడు కిస్‌మిస్, వెన్న, చిటికెడు దాల్చినచెక్క పొడి, రెండు చెంచాల తేనె వేసి, సన్నటి మంట మీద ముప్పావు గంట, అడుగంటకుండా చూసుకుంటూ, ముదురు రంగు జామ్‌లా అయ్యేదాకా మగ్గించడం. తఫాయా వేసేటప్పుడు ఏడు కూరగాయలు వేయరు, మాంసం, శనగలు, ఇది, అంతే. నాకు రెండూ కలిపి తినాలనిపించి ఒకసారి అడిగితే, ఖాల్తీ పెళ్లిలో దినం భోజనం అడిగినవాడిని చూసినట్టు చూసింది.

తేడా కొట్టినప్పుడు

రవ్వ ఉండలుగా ఉందంటే నీళ్లు ఒకేసారి పోశారు, లేదా మూతపెట్టారు. జల్లెడ పట్టి, గట్టి ఉండల్ని చిదిమి, ఇంకో ఆవిరి పట్టండి, చాలావరకు బాగుపడుతుంది. పొడిపొడిగా, గొంతుకి అడ్డంపడేలా ఉందంటే నీళ్లు తక్కువ, ఇంకో కప్పు చిలకరించి 10 నిమిషాలు ఆవిరి. ముద్దైపోయిందంటే మాత్రం దానికి మందు లేదు, వేయించిన జీడిపప్పు, పంచదార వేసి పిల్లలకి పెట్టేయండి.

మాంసం బదులు కోడితో చేయాలంటే నాటుకోడి తీసుకోండి, బ్రాయిలర్ మొదటి ఆవిరికే అయిపోతుంది, తీసి పక్కన పెట్టుకోవాలి. కూరగాయలతో మాత్రమే చేసేటట్టైతే శనగలు రెట్టింపు వేసి, వెన్న కొంచెం ఎక్కువ వేయండి.

మిగిలితే రవ్వ, పులుసు కలపకుండా వేర్వేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపి ఉంచితే మర్నాటికి పులిసిపోతుంది, మన ఎండల్లో అయితే రాత్రికే. మర్నాడు రవ్వ మీద నాలుగు నీళ్లు చిలకరించి 10 నిమిషాలు ఆవిరి పట్టి, పులుసు విడిగా మరిగించుకుంటే నిన్నటి కంటే బాగుంటుంది, మాంసం సారం అప్పటికి కూరగాయల్లోకి దిగి ఉంటుంది. మేము శనివారం పొద్దున టిఫిన్‌కి కూడా తిన్నాం, రవ్వ మీద పులుసు పోసుకుని, పక్కన ఆవకాయతోనే.